అన్నం పక్కింట్లో, గుంటలు నా పాలకూర మడిలో: ఇది ఎవరి బాధ్యత?

పాలకూర పంతులు (వనస్థలిపురం)

అందరికీ నమస్కారం. రిటైరయ్యాక ఇంటి వెనక నాలుగు మడులు, డాబా మీద రెండు పెట్టుకున్నాను. పాలకూర, తోటకూర, మెంతికూర, కొత్తిమీర. విత్తనం చల్లి, పైన సన్నగా వర్మీకంపోస్ట్ జల్లి, చేత్తో సర్ది, నీళ్ళు చిలకరించి పడుకుంటాను. తెల్లారి చూస్తే నడి మడిలో గుంట, పక్కన చిన్న మట్టి కుప్ప. కుప్ప కింద ఏముందో చెప్పక్కర్లేదు. ఈ నెలలో మెంతులు మూడోసారి చల్లాను.

పక్కింటావిడ రోజూ సాయంత్రం నాలుగు పిల్లులకు పెరుగన్నం పెడుతుంది. ఆదివారమైతే చేప తలకాయలు. మంచి మనిషే. భోజనం అక్కడ, దొడ్డి ఇక్కడ. ఉండబట్టలేక అడిగితే "అవి నావి కాదన్నయ్యగారూ, వీధి పిల్లులు. కాస్త అన్నం పెడతానంతే" అంది.

మా అమ్మాయి పురిటికి వచ్చింది, ఏడో నెల. పిల్లి దొడ్డికెళ్ళిన మట్టి ముట్టుకోవద్దని డాక్టరమ్మ చెప్పింది. అప్పటి నుంచి నాకు టెన్షన్. పెట్టే చేతికి బాధ్యత ఉండదా? మీరేమంటారు?

ఉప్పల్ వంకాయ

ఎందుకుండదు సార్? అన్నం పెట్టినవాళ్ళదే పిల్లి. ఆవిడతో వాదన పెట్టుకోకుండా కలరా ఉండలు తెచ్చి మడి చుట్టూ నాలుగు పడేయండి. గోడ పొడుగునా ఫినాయిల్ చల్లండి. వాసనకు ఇటు రావు. మా ఇంట్లో అదే చేశాం.

మ్యావమ్మ (హనుమకొండ)

వంకాయ గారూ, దయచేసి ఈ సలహా ఎవరికీ ఇవ్వకండి. కలరా ఉండల్లో ఉండేది నాఫ్తలీన్. పిల్లి తిన్నా, పాదాలకు అంటినది నాకినా దానికి విషమే. నల్ల ఫినాయిల్లో ఉండే మందుల్ని విరిచి బయటకు పంపే శక్తి పిల్లి లివర్‌కు చాలా తక్కువ. పిల్లి సంగతి వదిలేయండి, అది మీరు తినే కూర పెరిగే మట్టి కదా. పురుగుమందు వద్దనే కదా ఇంట్లో పండించుకునేది?

నేనూ పెట్టే మనిషినే. మా వీధిలో పదకొండు పిల్లులు. ఎనిమిదింటికి సొంత డబ్బుతో ఆపరేషన్ చేయించాను, మిగతా మూడు ఇంకా చేతికి చిక్కలేదు. నేను మానేస్తే అవి ఊరొదిలి పోతాయా? చికెన్ షాపు వెనక చెత్త ఉంది, ఎలుకలున్నాయి. నేను ఈ వీధికి రాకముందు నుంచీ ఉన్నాయవి. పెట్టడం ఆపితే ఆకలితో మీ వంటింట్లోకే వస్తాయి.

ఉప్పల్ వంకాయ

ఎనిమిదింటికి ఆపరేషన్ చేయించిన మీతో నాకు పేచీ లేదమ్మా. పంతులు గారి పక్కింటావిడ ఒక్కదానికైనా చేయించిందా? ఆడపిల్లి నాలుగైదు నెలలకే ఎదకొస్తుంది, అరవై అయిదు రోజుల్లో ఈనేస్తుంది. ఇవాళ నాలుగు, ఏడాది తిరిగేసరికి ఎన్నో మీరే లెక్క చెప్పండి. పెట్టడంలో పుణ్యం ఆవిడకు, ఎత్తడం ఈయనకు. ఇది ధర్మమేనా?

మ్యావమ్మ

ఈ మాట ఒప్పుకుంటాను. ఆపరేషన్ చేయించకుండా అన్నం మాత్రమే పెడితే సగం పని చేసినట్టే.

గోడమీద పిల్లి

నా యూజర్‌నేమ్ చూసి నన్ను పార్టీలోకి లాగకండి, నేను ఎటూ కాదు. కానీ మా అపార్టుమెంటులో ఒకాయన కుక్కలు రాకుండా అని గేటు ముందు నీలిమందు కలిపిన నీళ్ళ సీసాలు వరసగా పెట్టాడు. ఎండాకాలంలో మా పిల్లి ఆ సీసాకు వీపు ఆనించి పడుకునేది. చల్లగా ఉంటుందేమో.

తెల్లకోటు (ల్యాబ్‌లో పని)

పంతులు గారి అమ్మాయి విషయం ముందు తేల్చుకుందాం. డాక్టరమ్మ చెప్పింది టాక్సోప్లాస్మా అనే పరాన్నజీవి గురించి. పిల్లికి మొదటిసారి సోకినప్పుడు ఒకటి నుంచి మూడు వారాలపాటు దాని గుడ్లలాంటివి మలంలో పడతాయి. ఆ తరవాత మామూలుగా పడవు. అంటే ప్రతి పిల్లీ ప్రతి రోజూ ప్రమాదం కాదు. పడినవి కూడా వెంటనే మనకు అంటుకోవు, బయట ఒకటి నుంచి అయిదు రోజులు ముదరాలి. అందుకే ఏ రోజుది ఆ రోజు ఎత్తిపారేస్తే ముప్పు చాలావరకు తగ్గుతుంది.

చెడ్డ సంగతి ఏమిటంటే, ముదిరాక తడి మట్టిలో నెలల తరబడి, ఒక్కోసారి ఏడాదికి పైగా బతుకుతాయి. బ్లీచింగ్ నీళ్ళకు చావవు, ఉడికిస్తే చస్తాయి. తోటకూర పులుసుతో భయం లేదు. పచ్చి కొత్తిమీర నూరే పచ్చడి, పైన చల్లే కొత్తిమీర, వీటితోనే జాగ్రత్త. ఆకు ఆకూ విడదీసి ధారగా పారే నీటిలో కడగండి. ఈ మూడు నెలలూ ఆ మడి కొత్తిమీర అమ్మాయికి పచ్చిగా పెట్టకపోతే ఇంకా మంచిది. మట్టి పని మీరే చేయండి, అదీ గ్లవ్స్ వేసుకుని. మాంసం సరిగా ఉడకకపోయినా ఇదే వస్తుందని చాలామందికి తెలియదు. పిల్లిని ఇంత తిట్టేవాళ్ళు బిర్యానీని ఒక్క మాట అనరు.

నల్లకోటు

బాధ్యత గురించి అడిగారు కాబట్టి రెండు ముక్కలు. వీధి పిల్లికి అన్నం పెట్టడం నేరం కాదు. ప్రాణుల పట్ల దయ చూపాలని రాజ్యాంగం 51ఎ(జి) పౌరుల విధుల్లోనే రాసింది. ఇక కోపంలో ఎవరైనా మందు పెడితే, భారతీయ న్యాయ సంహిత 325వ సెక్షన్ కింద అయిదేళ్ళ వరకు జైలు పడొచ్చు. పాత ఐపీసీలో జంతువు ఖరీదు పది రూపాయలా, యాభై రూపాయలా అని చూసేవాళ్ళు. 2024 జులై 1 నుంచి ఆ లెక్క పోయింది. వీధి పిల్లికి ఖరీదేముంది అనుకునేవాళ్ళు ఇది గుర్తుంచుకోవాలి. పక్కింటావిడ మీద కేసు వేసి పాలకూర కాపాడుకోవడం నేనైతే చూడలేదు. మాట్లాడుకోండి.

లెస్టర్ లక్ష్మి

ఇంగ్లండ్‌లో మాదీ ఇదే గోల. తేడా ఏమిటంటే ఇక్కడి పిల్లులకు ఓనర్లుంటారు. 2024 జూన్ 10 నుంచి పెంపుడు పిల్లికి మైక్రోచిప్ తప్పనిసరి చేశారు. అయినా మీ పిల్లి నా మడిలో తవ్విందని నిలదీయడానికి లేదు, పిల్లి ఎక్కడైనా తిరుగుతుందనే చట్టం కూడా చూస్తుంది. అంటే ఓనర్ ఉన్నా ఒరిగిందేమీ లేదు. మనిషికి వినపడని మోత చేసే సెన్సార్ పరికరం కొన్నాను. కొన్ని పిల్లులు బెదిరాయి, ఎదురింటి ముసలి పిల్లి మాత్రం దాని ముందే కూర్చుని ఒళ్ళు నాక్కుంటుంది.

గుంటూరు మిర్చి

ఇంతసేపు ధర్మం, చట్టం మాట్లాడారు. మట్టి గురించి ఒక్కరూ మాట్లాడలేదు. పిల్లి మీ ఇంటి మీద పగబట్టి రావడం లేదండీ. దానికి కావలసింది పొడిగా, మెత్తగా, గోటితో గీరితే లేచే మట్టి. మనం విత్తనం కోసం తయారుచేసేది సరిగ్గా అదే. ఊళ్ళో మా నాయనమ్మ నారుమడి పోసిన రోజే పైన రేగు కంప పరిచేది. కోడి, పిల్లి, కుక్క ఏదీ కాలు పెట్టేది కాదు. సిటీలో కంప ఎక్కడిది అంటారా? కాగితంపూల చెట్టు కత్తిరిస్తారు కదా, ఆ కొమ్మలు పరవండి. నిమ్మ కొమ్మలైనా సరే.

అది కుదరకపోతే కోళ్ళ జాలి. అంగుళం కన్నుది తెచ్చి మడి కొలతకు కత్తిరించి మట్టికి ఆనించి పరిచి, అంచుల్లో కమ్మీ ముక్కలు వంచి గుచ్చండి. మొలకలు కన్నుల్లోంచి పైకొస్తాయి, పిల్లి గోరు మాత్రం దిగదు. కుండీలకు అంత హంగామా అక్కర్లేదు. కాలిపోయిన అగరొత్తి పుల్లలు, చీపురు పుల్లలు బెత్తెడుకొకటి నిలబెడితే చాలు.

ఇంకోటి. మడిలో మురిపిండి మొక్క ఉందా? కుప్పింటాకు అని కూడా అంటారు. కలుపు అని పీకి అక్కడే పడేస్తే దాని వేరు వాసనకు పిల్లులు పరుగెత్తుకొచ్చి పొర్లుతాయి. పీకితే దూరంగా పారేయండి. ఇంతకీ పంతులు గారూ, మొక్కలకు ఏం పోస్తున్నారు?

పాలకూర పంతులు

వర్మీకంపోస్ట్, వేపపిండి. పదిహేను రోజులకోసారి చేప, బెల్లం కలిపి పులియబెట్టిన ద్రావణం, లీటరుకు అయిదు ఎం.ఎల్.

గుంటూరు మిర్చి

చేప ద్రావణమా!

ఉప్పల్ వంకాయ

సార్, మీ తరఫున ఇంత వాదించాను.

మ్యావమ్మ

ఆవిడ ఆదివారం ఒక్కరోజే చేప పెడుతుంది అన్నయ్యగారూ. మీరు మట్టి నిండా పోస్తున్నారు. ఎముకల పొడి కూడా వేస్తుంటే మానేయండి, అదీ అంతే.

ఇంకో మాట. తవ్వొద్దని అన్ని దారులూ మూస్తే అవి పక్క మడికి పోతాయి. వాటికీ ఒక చోటు కావాలి. వెడల్పాటి పాత టబ్బుకు కింద చిల్లులు పెట్టి పొడి ఇసుక పోసి, వాన పడనిచోట ఉంచండి. మొదట్లో వాటి దొడ్డి కొంచెం అందులో కలిపితే వాసన పట్టి అలవాటు పడతాయి. టబ్బు, ఇసుక పక్కింటావిడ పెట్టుకోవాలి. ఎత్తడం కూడా ఆవిడే. పెట్టే చేతి బాధ్యత అంటే నా లెక్కలో అదీ.

ఉప్పల్ వంకాయ

అలా అయితే నాకూ సమ్మతమే. కలరా ఉండల మాట వెనక్కి తీసుకుంటున్నాను. ఫినాయిల్ మాత్రం మా గేటు బయట చల్లుతాను, అది నా ఇష్టం.

పాలకూర పంతులు (పన్నెండు రోజుల తరవాత)

చేప ద్రావణం ఆపేశాను. నాలుగు మడులకూ జాలి పరిచాను, డాబా మీద అగరొత్తి పుల్లలు. మెంతులు మొలిచాయి, ఈసారి గుంట లేదు. కొత్తిమీర మడిలో మొదటి వారం అంచున ఒకచోట గీరింది, అక్కడ జాలి లేచి ఉంది, సరిచేశాను.

పక్కింటావిడతో మాట్లాడాను. అమ్మాయి సంగతి చెప్పేసరికి ఆవిడ కళ్ళనీళ్ళు పెట్టుకుంది. ముందే చెప్పకుండా మూడు వారాలు మొహం ముడుచుకున్న తప్పు నాదే. ప్రహరీ పక్కన సజ్జ కింద టబ్బు పెట్టింది, రెండు పిల్లులు అలవాటు పడ్డాయి. ఆడపిల్లికి ఆపరేషన్ ఖర్చు చెరి సగం అనుకున్నాం. పట్టుకోవడమే కుదరడం లేదు.

ఉప్పల్ వంకాయ

టబ్బు ఎత్తేది ఎవరు సార్?

పాలకూర పంతులు

ఆవిడే. మొన్న విజయవాడ వెళ్ళినప్పుడు మాత్రం నన్ను చూడమంది.

ఉప్పల్ వంకాయ

అంటే మీరే ఎత్తారు.

పాలకూర పంతులు

రెండు రోజులేనయ్యా. గ్లవ్స్ వేసుకునే ఎత్తాను.