‘యతో హస్తస్తతో దృష్టిః’ శ్లోకం భరతుడిదా? విద్యార్థి వ్యాసం దిద్దుతూ వచ్చిన సందేహం

ప్రశ్న:

సభ్యులకు నమస్కారం. నేను రంగస్థల కళల విభాగంలో పాఠాలు చెబుతున్నాను. పీజీ విద్యార్థి ఒకరు భాసుడి పేర ప్రసిద్ధమైన ‘ఊరుభంగం’లో దుర్యోధన పాత్ర ధరించి, దానితోపాటు సంస్కృత నాటక ప్రదర్శన చరిత్రపై ఒక వ్యాసం సమర్పించారు. వ్యాసం మొదట్లోనే ‘నాట్యశాస్త్రంలో భరతుడు చెప్పినట్లు’ అంటూ ఈ శ్లోకం ఇచ్చారు:

యతో హస్తస్తతో దృష్టిర్యతో దృష్టిస్తతో మనః ।
యతో మనస్తతో భావో యతో భావస్తతో రసః ॥

‘చేతి వల్ల చూపు, చూపు వల్ల మనసు, మనసు వల్ల భావం, భావం వల్ల రసం పుడతాయి’ అని తాత్పర్యం రాసి, తన నటనను కూడా ఈ సూత్రం ప్రకారమే మలచుకున్నానని చెప్పుకున్నారు. నాతో కలిసి దిద్దుతున్న అధ్యాపకులు దీన్ని చిన్న పొరపాటుగా వదిలేయవచ్చంటున్నారు. శ్లోకం ఎక్కడిది, తాత్పర్యం పొసగుతుందా, మార్కులు వేసేటప్పుడు దీన్ని ఎంతవరకు పట్టించుకోవాలి అన్నది పెద్దలు చెప్పగలరు.

సమాధానం:

నమస్కారమండి. ఈ శ్లోకం నాట్యశాస్త్రంలోది కాదు, నందికేశ్వరుడి పేర ఉన్న అభినయదర్పణంలోది. పూర్వరంగం (ప్రదర్శనకు ముందు జరిపే పూజాదికాలు) ముగిశాక గీతం, అభినయం, భావం, తాళం కూడిన నృత్యం చేయాలని చెప్పి, దాని వెంటనే గొంతుతో పాట, చేతితో అర్థం, కళ్లతో భావం, పాదాలతో తాళం అని పని పంచి, ఆ తర్వాత ఆ గ్రంథం ఈ మాట అంటుంది. పాట ఎత్తుకునే ఆ పాదం కొన్ని ప్రతుల్లో ‘ఆస్యేన’ అనీ, నాట్యాచార్యుల నోట ‘కంఠేన’ అనీ వినిపిస్తుంది. ఏ పాఠం తీసుకున్నా సందర్భం మాత్రం పాటకు ఆడే నృత్యమే.

ఈ పొరపాటుకు విద్యార్థిని ఒక్కరినే తప్పుపట్టలేం. మన వాడుకలో ‘భరతం’, ‘భరతశాస్త్రం’ అన్నవి ఆ కళ మొత్తానికి పేర్లుగా స్థిరపడ్డాయి కనుక, ‘భరతంలో ఉంది’ అన్న మాట నోటినుంచి నోటికి పోతూ ‘భరతుడు అన్నాడు’గా మారిందని నా ఊహ. అయితే తెలుగు విద్యార్థికి ఈ రెండు గ్రంథాలూ వేరని తెలుసుకోవడం కష్టమేమీ కాదు. అభినయదర్పణాన్ని ఆనంద కుమారస్వామితో కలిసి ఇంగ్లీషులోకి తెచ్చి 1917లో వెలువరించినవారు, తరవాత చీరాల–పేరాల ఉద్యమాన్ని నడిపిన దుగ్గిరాల గోపాలకృష్ణయ్యగారే. నాట్యశాస్త్రాన్ని అభినవగుప్తుడి వ్యాఖ్యతో సహా పరిష్కరించి, 1926లో బరోడా నుంచి మొదటి సంపుటం తెచ్చినవారు మానవల్లి రామకృష్ణకవిగారు. రెండు గ్రంథాలను లోకం చదివేలా చేసిన పనిలో మనవాళ్ల చేయి ఉన్నప్పుడు, నాటక చరిత్ర మీద రాసే తెలుగు వ్యాసంలో వాటిని కలిపేయడం కొంచెం నొప్పి కలిగించే సంగతే.

ఇది పేర్లు తారుమారైన ముచ్చట మాత్రమే అయితే మీ సహాధ్యాపకుల మాటే నేనూ అనేవాణ్ణి. కానీ రెండు గ్రంథాల్లో చూపు లెక్క వేరు. నాట్యశాస్త్రం ఎనిమిదో అధ్యాయం 36 దృష్టులను, అంటే చూపులను, చెబుతుంది: రసాన్ని బట్టి 8, స్థాయిభావాన్ని (నిలకడగా ఉండే భావాన్ని) బట్టి 8, సంచారిభావాల్లో (వచ్చిపోయే భావాల్లో) 20. కాంత, భయానక, హాస్య, కరుణ అంటూ వాటి పేర్లే లోపలి స్థితిని చెబుతాయి. అభినయదర్పణంలో ఉన్నవి ఎనిమిదే. సమ, ఆలోకిత, సాచి, ఉల్లోకిత, అవలోకిత వంటి పేర్లు చాలావరకు కన్ను ఎటు తిరిగిందో, ఎలా కదిలిందో చెబుతాయి. భరతుడూ ఇలాంటి ఎనిమిది దర్శనభేదాలను చెప్పిన మాట నిజమే గాని, అవి ఆ 36 తర్వాత వస్తాయి. దిక్కును బట్టి చూపును లెక్కించే గ్రంథంలో ‘చేయి ఎటో చూపు అటు’ అన్న నియమం చక్కగా అతుకుతుంది. చూపును భావం నుంచి మొదలుపెట్టే గ్రంథానికి దాన్ని అంటగడితే భరతుడి పద్ధతే తలకిందులవుతుంది.

ఇలాంటి వ్యాసాలు దిద్దేటప్పుడు హస్తాల సంఖ్య కూడా ఒకసారి చూడండి. అసంయుత హస్తాలు (ఒంటిచేతి ముద్రలు) 24, సంయుత హస్తాలు (రెండు చేతుల ముద్రలు) 13 అని రాస్తే అది నాట్యశాస్త్రం లెక్క. అభినయదర్పణం లెక్క అయిన 28, 23 అని రాసి కింద భరతుడి పేరు పెడితే, ఆ విద్యార్థి మూలం తెరవకుండా నాట్య పాఠాల నోటుపుస్తకం నుంచి ఎత్తి రాశారని పోల్చుకోవచ్చు.

ఇక తాత్పర్యం. ‘యతః–తతః’ అన్న జంట చివర ఉన్న ‘తః’ (తసిల్ ప్రత్యయం) పంచమీ విభక్తి అర్థంలో వస్తుంది కనుక ‘వల్ల’ అనడానికి వ్యాకరణం బొత్తిగా అడ్డు చెప్పదు. అర్థమే అడ్డు చెబుతుంది, ఎందుకంటే చేయి చూపును పుట్టించదు. తెలుగులో ‘ఎటు–అటు’ అనుకుంటే శ్లోకం తేటపడుతుంది: చేయి ఎటు వెళితే చూపు అటు, చూపు ఎటు ఉంటే మనసు అటు. చివరి పాదంలో మాత్రం హేతువు అర్థం కూడా ఇముడుతుంది. భావాల నుంచే రసాలు నిష్పన్నమవుతాయి తప్ప రసాల నుంచి భావాలు కావని నాట్యశాస్త్రం ఆరో అధ్యాయమే అంటుంది. అయినా అక్కడ రసనిష్పత్తికి చెప్పినవి విభావ (భావానికి కారణం), అనుభావ (బయటికి కనబడే చేష్ట), వ్యభిచారిభావాల (పైన చెప్పిన సంచారిభావాలే) సంయోగం. చేయి తిప్పితే గొలుసుకట్టుగా రసం వచ్చి పడుతుందన్న హామీ ఏ గ్రంథమూ ఇవ్వలేదు. అదే నిజమైతే, రాగం ఎత్తుకుని చెయ్యి ఆకాశానికీ చూపు హార్మోనియం వైపుకూ పెట్టే మన పద్యనాటక నటులు ఎవరినీ కరిగించి ఉండకూడదు.

అన్నిటికంటే ముఖ్యం, ఆయన ఎంచుకున్న పాత్ర. తొడలు విరిగిన దుర్యోధనుడు సగం చచ్చిన దేహాన్ని రెండు చేతులతో నేల మీద ఈడ్చుకుంటూ రంగం మీదికి వస్తాడు. అక్కడ చేతులు కాళ్ల పని చేస్తున్నాయి. చేయి ఎటో చూపు అటే అన్న నియమం పాటిస్తే రారాజు మట్టిని చూస్తూ పాకాలి. కోపంతో వస్తున్న బలరాముణ్ణి ఆపవలసినవాడు అలా పాకితే ఆ ఘట్టం నిలబడదు. ఆ తర్వాత కొడుకు దుర్జయుడు వచ్చి అలవాటు చొప్పున ఒళ్లో కూర్చోబోతాడు, తండ్రి వారిస్తాడు. కళ్లకు పండుగగా ఉండే చంద్రుడే ఇప్పుడు నిప్పయ్యాడని వాపోతాడు. ఇన్నాళ్లూ కూర్చున్న ఆసనం ఇక నీకు లేదు, మరెక్కడైనా కూర్చో నాయనా అంటాడు. చేయి పిల్లవాణ్ణి దూరంగా ఆపుతుంది, కళ్లు ఆ మొహాన్ని వదలలేవు. చేయి ఒక మాట, చూపు మరో మాట చెప్పడమే ఆ సన్నివేశానికి ప్రాణం. మీ విద్యార్థి అక్కడ తన సూత్రాన్నే పాటించారా, లేక పాత్ర లాగిన వైపు వెళ్లారా అన్నది మీరే చూసి ఉంటారు.

మార్కుల విషయంలో నా అభిప్రాయం ఇది. శ్లోకాన్ని భరతుడికి అంటగట్టినందుకు చరిత్ర భాగంలో కోత పెట్టండి, ప్రదర్శన భాగంలో పెట్టవద్దు. తాత్పర్యం మీద నిలబెట్టిన సిద్ధాంతానికి మాత్రం గట్టిగా కోత పెట్టవచ్చు, ఎందుకంటే అది ఊరుభంగం పాఠాన్ని దగ్గరగా చదవలేదని చూపిస్తోంది.

ప్రశ్న:

ధన్యవాదాలండి. దుర్జయుడి ఘట్టంలో ఆయన చేయి అడ్డుపెట్టి పిల్లవాడి మొహమే చూశారు. ఆ ప్రదర్శనలో నాకు బాగా నచ్చింది కూడా అదే. మరొక్క సంగతి. రంగం మీద మరణం చూపరాదన్న భరత నియమాన్ని ఊరుభంగం మీరింది కాబట్టి ఆ నాటకం నాట్యశాస్త్రం కంటే ముందుదని వ్యాసంలో తేల్చేశారు. దీన్ని ఒప్పుకోవచ్చా?

సమాధానం:

ఊహగా రాస్తే ఒప్పుకోవచ్చు, నిర్ణయంగా రాస్తే ఒప్పుకోకూడదు. యుద్ధం, రాజ్యభ్రంశం, మరణం, నగరాన్ని ముట్టడించడం ప్రత్యక్షంగా చూపక ప్రవేశకాల (జరిగినదాన్ని మాటల్లో తెలిపే చిన్న రంగాల) ద్వారా తెలపాలని నాట్యశాస్త్రంలో దశరూపకాల (పది రకాల నాటకాల) అధ్యాయంలో ఉన్నది నిజమే, దుర్యోధనుడు రంగం మీదే ప్రాణం విడవడమూ నిజమే. అయితే నియమం తెలిసి మీరిన కవికీ, నియమం పుట్టక ముందు రాసిన కవికీ తేడాను ఆ మీరడం ఒక్కటే చెప్పలేదు. పైగా 1912 నుంచి గణపతిశాస్త్రిగారు తిరువనంతపురంలో ప్రకటించిన 13 నాటకాలూ భాసుడివేనా అన్న చర్చ పండితుల్లో ఇంకా ఉంది. వ్యాసంలో దాని ప్రస్తావన ఉందో లేదో చూడండి.

మీరు చెప్పినదాన్ని బట్టి ఆయన నటన ఆయన వ్యాసం కంటే ముందుంది. వైవాలో ఆ దుర్జయుడి ఘట్టాన్ని మళ్లీ చేయించి, చేయి ఒక వైపూ చూపు మరో వైపూ ఎందుకు పెట్టారని అడగండి. జవాబు సబబుగా ఉంటే ఆ జవాబునే శ్లోకం ఉన్న పేజీలో రాసి, కింద అభినయదర్పణం పేరు వేసి తిరిగి సమర్పించమనండి.