బోరు నీళ్ల మీద అడవి గులాబీ: పెరట్లో పెట్టవచ్చా?

దేవరకొండ పెరడు:
అందరికీ నమస్కారం. మా చిన్నమ్మ వాళ్లు రైల్వే ఉద్యోగం వల్ల ఖరగ్‌పూర్‌లో స్థిరపడ్డారు. అటువైపు ఒక వాగు ఒడ్డున పెరిగే తెల్ల అడవి గులాబీ కొమ్మలు తెచ్చి ఇచ్చింది. రోజా క్లైనోఫిల్లా అంటారట. కవర్లలో వేరు పట్టి చిగురు వేశాయి. మాది ఎర్ర చెలక. బోరు నీళ్లు కాస్తే గిన్నెలో తెల్లటి పొర కడుతుంది. నర్సరీ ఆయన "ఏడాదికి ఒక్కసారి పూసే ముళ్లకంపకు అంత జాగా ఎందుకు?" అంటున్నారు. నేలలో నాటమంటారా, వద్దంటారా?

నల్లగొండ మిద్దెతోట:
వద్దనే చెబుతాను. ఇంటి ముందు గులాబీ ఉందంటే పొద్దున్నే దేవుడి పటానికి నాలుగు పూలు దొరకాలి. అయిదు రేకుల పూలు, అదీ ఏడాదిలో కొన్ని వారాలు! మిగతా కాలమంతా ముళ్లు. పైగా అది బెంగాల్ వాగుల మొక్క. మే నెలలో మన దగ్గర నలభై నాలుగు డిగ్రీల ఎండ కాస్తుంది. మనకే నీళ్లు సరిపోని రోజుల్లో వాగు ఒడ్డు మొక్కకు ఎక్కడి నుంచి తెచ్చి పోస్తారు? నాటు గులాబీ పెట్టుకోండి, హాయిగా ఉంటుంది.

పాలమూరు చెలక:
మిద్దెతోట గారి మాటలో పూజ పూల సంగతి న్యాయమే. కానీ వాగు ఒడ్డు మొక్క అనగానే ఏడాది పొడవునా తడి కావాలనుకోవడం సరికాదు. ఆ ఒడ్డులు వానాకాలంలో మునుగుతాయి, ఎండాకాలంలో బీటలు వారతాయి. రెండింటినీ తట్టుకున్న జాతి ఇది. ప్రపంచంలో నూటికి పైగా గులాబీ జాతులున్నా దాదాపు అన్నీ చల్లటి ప్రాంతాలవో కొండలవో. దక్షిణాదిలో సహజంగా పెరిగే రోజా లెషినాల్టియానా కూడా నీలగిరి, పళని కొండల మీదే ఉంటుంది. వేడి మైదానాల్లో పుట్టి పెరిగిన అడవి గులాబీ అంటే ముందుగా చెప్పుకోవలసింది క్లైనోఫిల్లానే.

అందుకే ఎం.ఎస్. వీరరాఘవన్ గారు దీన్ని పట్టుకున్నారు. ఆయన మన ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోనే ఐఏఎస్ అధికారిగా పనిచేసి, ముందుగానే పదవీ విరమణ చేసి కొడైకెనాల్ వెళ్లారు. ఆయన, సతీమణి గిరిజ గారు కలిసి దశాబ్దాలుగా ఈ క్లైనోఫిల్లాను, మణిపూర్ కొండల రోజా జైగాంటియాను వాడి వేడి దేశాలకు పనికొచ్చే గులాబీలను సృష్టిస్తున్నారు. ఇంత విలువైన మొక్క ఇంటి గుమ్మం దాకా వస్తే ముళ్లకంప అని పారేయడానికి నాకు మనసు ఒప్పదు.

నర్సరీ వారు చెప్పని అసలు విషయం కత్తిరింపు. హైబ్రిడ్ గులాబీకి అక్టోబరులో మోకాలెత్తుకు కోస్తాం, కొత్త చిగురుకు మొగ్గ వస్తుంది. ఇది అలా కాదు. నిరుటి కొమ్మల మీద పక్క రెమ్మలు వేసి వాటికి పూస్తుంది. అక్టోబరులో కత్తెర పెడితే ఆ ఏటి పూలన్నీ చెత్తకుప్పలోకి పోయినట్టే. "అడవి గులాబీ మన దగ్గర పూయదు" అన్న మాట చాలా చోట్ల ఈ కత్తెర వల్లే పుట్టిందని నా నమ్మకం. పూత అయిపోయాకే ముదిరిన కొమ్మలు మొదలంటా తీయండి.

ఇక ఆ పూవు! మొగ్గ కింద చిన్న ఆకులు చుట్టుకుని ఉంటాయి, వాటి మీద పట్టులాంటి తెల్లని నూగు. తెల్లవారాక విచ్చుకుంటే నడుమ పసుపు కేసరాల గుత్తి, దాని మీద తేనెటీగలు. ముద్ద గులాబీలో రేకుల మధ్య పుప్పొడి దొరకడమే వాటికి కష్టం.

మిర్యాలగూడ ఆయకట్టు:
ఒక హెచ్చరిక. అడవి గులాబీలన్నీ ఒకటి కావు. మా వీధిలో ఒకరు హిమాచల్ నుంచి రోజా బ్రూనోని తెచ్చి నాటారు. గోడంతా అల్లుకుంది కానీ మొగ్గ కనబడలేదు. కొండల చలి దానికి ఇక్కడ ఎక్కడిది? అలాగే, అంటు మొక్క పైభాగం చచ్చి కింది మూలం నుంచి లేచిన పిలకను కూడా అడవి గులాబీ అంటుంటారు. చిన్న చిన్న పూలు పెద్ద గుత్తులుగా వచ్చి, మొగ్గ కింద నూగు ఆకులు లేకపోతే అది అంటుకు మూలంగా వాడే రోజా మల్టిఫ్లోరా అనే వేరే జాతి కావచ్చు. పూత చూశాకే పేరు ఖాయం చేసుకోండి అన్నా.

బత్తాయితోట:
నీళ్ల మాట నేను చెబుతాను. మీ బోరు నీళ్లలాంటి సున్నపు (గట్టి) నీళ్లు పోస్తూ ఉంటే నేలలో ఇనుము ఉన్నా వేరుకు అందదు. లేత ఆకు పసుపుపచ్చగా మారి ఈనెలు మాత్రం పచ్చగా ఉంటాయి. బత్తాయి రైతుకు ఇది రోజూ కనిపించేదే. లీటరు నీటికి అయిదు గ్రాముల అన్నభేది (ఫెర్రస్ సల్ఫేట్), ఒక గ్రాము నిమ్మ ఉప్పు (సిట్రిక్ యాసిడ్) కలిపి సాయంత్రం పిచికారీ చేస్తే తేరుకుంటుంది. ఆర్‌ఓ యంత్రం వదిలే నీళ్లు మాత్రం పోయవద్దు, ఉప్పంతా అందులోనే ఉంటుంది. వాన నీళ్లు పెరట్లో ఎటు పారుతాయో చూసి ఆ వాలులో నాటండి. మొదటి రెండు వేసవులు మొక్క మొదలు చుట్టూ వేరుశనగ పొట్టు మందంగా పరవండి.

ఇంకో ఆలోచన. బత్తాయిని రంగపురం నిమ్మ వేరు మూలం మీద అంటు కడుతున్నాం కదా, అలాగే దీని మీద నాటు గులాబీ కన్ను (చిగురు మొగ్గ) బెరడులో పెట్టి అంటు కట్టి చూడవచ్చు. మిద్దెతోట గారి పూజ పూలు కూడా వస్తాయి.

పాలమూరు చెలక:
ఒకటో రెండో కొమ్మల మీద కట్టండి, కాదనను. మొక్క మొత్తాన్ని వేరు మూలంగా మార్చేస్తే మాత్రం బాధగా ఉంటుంది. చిన్నమ్మ గారు అంత దూరం నుంచి తెచ్చింది పూవు కోసమే కదా.

నల్లగొండ మిద్దెతోట:
కత్తిరింపు సంగతి నాకు కొత్త, ఒప్పుకుంటాను. అయినా ఇరుకు ఇళ్లవారికి నా సలహా మారదు. పిల్లలు ఆడే వాకిట్లో ఆ ముళ్లు వద్దు. దేవరకొండ వారికి పెరడు పెద్దదైతే కంచె పక్కన పెట్టుకోమనండి.

దేవరకొండ పెరడు:
పెరడు పెద్దదే అక్కా. పడమటి కంచె వైపు వాన నీళ్లు పారే చోటు ఉంది, మధ్యాహ్నం వేప నీడ కూడా పడుతుంది. మృగశిర కార్తెలో నాలుగు వానలు పడ్డాక రెండు మొక్కలు అక్కడ నాటుతాను. మూడోది కవరులోనే ఉంచి కాండం కాస్త లావయ్యాక నాటు గులాబీ కన్ను కడతాను. కన్ను అంటుకు మన దగ్గర ఏ నెల అనువో బత్తాయితోట గారు చెప్పగలరా?

బత్తాయితోట:
చలికాలం. బెరడు సులువుగా ఊడే రోజులు చూసుకోండి. డిసెంబరు, జనవరి బాగుంటాయి.