ఒకే పేరున్న రోగులు, రాత్రిపూట ఫోన్ ఆదేశాలు, ఇంటి నుంచి తెచ్చిన ఇన్సులిన్: వార్డులో పొరపాటు జరగకుండా ఏం చేయాలి?

ప్రశ్న (స్టాఫ్ నర్సు, గజపతి జిల్లా, ఒడిశా):

సభ్యులందరికీ నమస్కారం. ఆంధ్ర సరిహద్దుకు దగ్గరగా ఉన్న ఒక ఆసుపత్రిలో, స్త్రీల వార్డులో పనిచేస్తున్నాను. మా వార్డుకు పర్లాకిమిడి చుట్టుపక్కల తెలుగువారు, ఒడియావారు, కొండల మీది నుంచి సవరలు, పాతపట్నం వైపు వారు కూడా వస్తారు. తెలుగువారి ఇంటిపేరు ఆధార్ కార్డులో ముందు ఉంటే, మా రిజిస్టరులో చివరికి వెళ్తుంది. సవర స్త్రీలలో చాలామంది పేర్ల చివర ‘సబర’ అనే ఉంటుంది కనుక ఒకే పేరుతో ఇద్దరు పక్కపక్క మంచాల మీద ఉండటం మాకు మామూలు విషయం. రాత్రి డ్యూటీలో డాక్టరు గారు ఫోన్‌లో మందు చెప్పినప్పుడు ఎలా నమోదు చేయాలో, రోగులు ఇంటి నుంచి తెచ్చుకున్న ఇన్సులిన్‌ను వార్డులో వాడవచ్చో లేదో కూడా పెద్దలు వివరించగలరు.

సమాధానం (వార్డు ఇన్‌ఛార్జి సిస్టర్, బరంపురం):

సిస్టర్ గారూ, మీరు అడిగిన మూడింటిలో పేరు విషయమే అన్నిటికన్నా పెద్దది. మందైనా, రక్తమైనా, ఆపరేషనైనా, మనిషి మారిపోతే తరువాత ఎంత జాగ్రత్తగా చేసినా ప్రయోజనం ఉండదు. రోగిని గుర్తించడానికి కనీసం రెండు ఆధారాలు కావాలి. ఒకటి పూర్తి పేరు. రెండవది రిజిస్ట్రేషన్ నంబరు. వయసును నమ్ముకోవద్దు, మన ప్రాంతపు పెద్దవారిలో చాలామందికి పుట్టిన తేదీ తెలియదు, కార్డులో ఉన్నది ఎవరో ఊహించి వేయించినదే. మంచం నంబరు అసలే ఆధారం కాదు, ఎందుకంటే గాలి కోసమో, ఫ్యాను కోసమో రోగులు తమంతట తామే మంచాలు మార్చుకుంటారు.

“నువ్వు లక్ష్మివేనా?” అని ఎప్పుడూ అడగకండి. జ్వరంలో ఉన్న మనిషి, చెవుడున్న ముసలమ్మ, మన భాష సరిగా అర్థం కాని సవర తల్లి, అందరూ దానికి “ఆఁ” అనే అంటారు. “మీ పేరు చెప్పండి, మీ ఊరేది?” అని అడిగి, ఆమె నోటితో చెప్పించుకుని, చేతి పట్టీ మీదా కేస్ షీటు మీదా ఉన్న నంబరుతో సరిచూడండి. భాష తెలియనప్పుడు తోడుగా వచ్చినవారితో చెప్పించవచ్చు కాని, పట్టీ చూడటం మాత్రం మానకూడదు. సూది పెట్టడానికి పట్టీ కత్తిరించవలసి వస్తే అప్పటికప్పుడే రెండవ చేతికి కొత్తది కట్టాలి. డ్రాయరులో దాచిన పట్టీ ఎవరినీ కాపాడదు. పేర్లు కలిసినప్పుడు ఇద్దరి కేస్ షీట్ల మీదా ‘ఇదే పేరుతో మరొకరు ఉన్నారు’ అని ఎర్ర సిరాతో రాయండి, వీలైతే మంచాలను దూరంగా వేయించండి.

రక్తపు నమూనా విషయంలో ఇంకొక మాట. గొట్టాలకు ముందుగా చీటీలు అంటించి ట్రేలో పెట్టుకుని మంచాల వెంట తిరగడం తేలికగానే ఉంటుంది, కాని తప్పు గ్రూపు రక్తం ఎక్కడానికి దారి తీసేవాటిలో అదొకటి. రక్తం తీసిన తరువాత, ఆ రోగి మంచం పక్కనే నిలబడి చీటీ రాయాలి. సికిల్ సెల్ (ఎర్ర రక్తకణాలు కొడవలి ఆకారంలోకి మారే వంశపారంపర్య జబ్బు) రోగులకు మాటిమాటికీ రక్తం ఎక్కించవలసి వచ్చే మన జిల్లాలలో ఇది మరీ ముఖ్యం. రక్తపు సంచీ వార్డుకు వచ్చాక ఇద్దరు మంచం దగ్గరే సరిచూడాలి, ఎక్కించడం మొదలుపెట్టాక మొదటి 15 నిమిషాలు పక్కన ఉండి గమనించాలి, సంచీని 4 గంటలలోపు పూర్తి చేయాలి.

ఫోన్ ఆదేశాల సంగతి క్లుప్తంగా చెబుతాను. విన్నది ముందు రాయండి, రాసినదాన్ని డాక్టరు గారికి చదివి వినిపించండి, ఆయన “అవును” అన్నాకే మందు తీయండి. ఇంగ్లీషులో ఫిఫ్టీన్, ఫిఫ్టీ ఫోన్‌లో ఒకటిగానే వినపడతాయి కనుక “ఒకటి, ఐదు” అని అంకెలు విడదీసి చెప్పి నిర్ధారించుకోండి. సమయం, డాక్టరు పేరు, మీ సంతకం వేసి, మరుసటి రౌండులోనే ఆయన సంతకం తీసుకోండి.

సమాధానం (ఫార్మసిస్టు, రాయగడ):

ఇన్సులిన్ గురించి నేను చెబుతాను. మన దేశంలో సీసాలు ఎక్కువగా మిల్లీలీటరుకు 40 యూనిట్ల బలంతో దొరుకుతాయి, వాటి సిరంజికి ఎర్ర మూత ఉంటుంది. పెన్నులలో వేసే కార్ట్రిడ్జులు, కొన్ని రకాల సీసాలు 100 యూనిట్ల బలంతో ఉంటాయి, ఆ సిరంజి మూత నారింజ రంగు. 20 యూనిట్లు ఇవ్వాలని 100 బలం ఉన్న మందును 40 సిరంజితో 20 గీత వరకు లాగితే సిరంజిలోకి వచ్చేది అర మిల్లీలీటరు, అంటే 50 యూనిట్లు. ఆ మోతాదు ఒంట్లోకి పోతే తెల్లవారేలోగా చక్కెర ప్రమాదకరంగా పడిపోవచ్చు. తిరగేస్తే, 40 సీసాను 100 సిరంజితో అదే గీతకు లాగినప్పుడు 8 యూనిట్లే అందుతాయి. కార్ట్రిడ్జులోకి సిరంజి గుచ్చి తీయడం ఎంత తొందరలోనైనా చేయకూడదు. ఇంటి నుంచి తెచ్చినది ఏ బలమో, ఎలా నిల్వ ఉందో తెలియదు కనుక బంధువులకు తిరిగి ఇచ్చేసి, వార్డు సరఫరానే వాడటం మంచిది. ఆదేశంలో యూనిట్లకు బదులు రాసే ‘U’ అనే ఇంగ్లీషు అక్షరం సున్నాలా కనిపించి 6 యూనిట్లు 60 అవుతాయి కాబట్టి ‘యూనిట్లు’ అని పూర్తిగా రాయమని డాక్టర్లను కోరండి.

అడగకపోయినా ఒకటి చెప్పాలి: పొటాషియం క్లోరైడ్ ఆంప్యూల్‌ను (చిన్న మందు సీసాను) డిస్టిల్డ్ వాటర్ పక్కన పెట్టవద్దు, ఒకదానికి బదులు మరొకటి చేతికి రావచ్చు. 15 శాతం మందు 10 మిల్లీలీటర్లలో 20 మిల్లీ ఈక్వివలెంట్ల (లవణాలను కొలిచే ప్రమాణం) పొటాషియం ఉంటుంది. పలుచన చేయకుండా నేరుగా నరంలోకి ఎక్కిస్తే గుండె ఆగిపోతుంది. దాన్ని విడిగా, తాళం వేసిన పెట్టెలో ఉంచండి.

ప్రశ్న (అదే స్టాఫ్ నర్సు):

ఇద్దరికీ ధన్యవాదాలు. మందు ఇవ్వకముందే తప్పు పట్టుకుంటే దాన్ని కూడా నమోదు చేయాలా? పై అధికారులు మమ్మల్నే నిందిస్తారేమోనని తోటి సిస్టర్లు భయపడుతున్నారు.

సమాధానం (ఇన్‌ఛార్జి సిస్టర్):

చేయాలి. రోగికి చేరకముందే ఆగిపోయిన పొరపాట్లకు వేరే పుస్తకం పెట్టి, అందులో నర్సు పేరు లేకుండా ఏ మందు, ఏ షిఫ్టు, ఎక్కడ పట్టుకున్నారు అని మాత్రమే రాయించండి. అదే మందు పేరు అందులో మళ్లీ కనిపిస్తే దాన్ని షెల్ఫులో వేరే చోటికి మార్చమని సూపరింటెండెంటు గారిని అడగడానికి ఆ పేజీయే మీకు ఆధారం. మందు ఇచ్చాక రోగికి హాని జరిగితే మాత్రం వెంటనే డాక్టరుకు చెప్పి, కేస్ షీటులో జరిగినది జరిగినట్టు రాసి, 1800-180-3024 అనే జాతీయ ఫార్మకోవిజిలెన్స్ (మందుల వల్ల కలిగే హానిని నమోదు చేసే కార్యక్రమం) నంబరుకు కూడా తెలియజేయవచ్చు.