సమస్యాపూరణం: నీళ్ళు మోసినతఁడె నిజ మెఱింగె

నిర్వాహకుడు:
ఈ వారం సమస్య ఆటవెలదిలో నాలుగో పాదం.

నీళ్ళు మోసినతఁడె నిజ మెఱింగె

ఇందులో చిక్కేముంది అనుకోకండి, చిక్కంతా షరతులో ఉంది. కథ ఇంగ్లండ్‌లోనో వేల్స్‌లోనో, 18వ శతాబ్దం చివరికీ విక్టోరియా రాణి కాలానికీ మధ్య, ఒక పెద్ద దొరల భవంతిలో జరగాలి. ప్రేమికులిద్దరూ ఆ ఇంటి కొలువువాళ్ళే, చర్చికి వెళ్ళేవాళ్ళే. పై అంతస్తుల్లో కుళాయిలు లేని ఆ ఇళ్ళలో స్నానానికి వేన్నీళ్ళు కిందినుంచి మోసుకెళ్ళాల్సిందే. పనిపిల్ల కోసం ప్రియుడు వాకిట్లోకి వస్తే చాలు, చాలా ఇళ్ళలో ఆమె ఉద్యోగం ఊడేది. ‘క్యారెక్టర్’ అనే సిఫారసు ఉత్తరం లేకుండా బయటికి పంపితే ఇంకో ఇంట్లో పని దొరకడం కష్టం. ఆ టెన్షన్ పద్యంలో కనబడాలి.

గుంటూరు మాస్టారు:
కానయూరి పెండ్లి గడబిడ వేళలో
రాతిబాన నీరు రసము గాఁగ
విందుపెద్ద రుచిని వింతగఁ దలపోసె
నీళ్ళు మోసినతఁడె నిజ మెఱింగె

నిర్వాహకుడు:
మాస్టారూ, సమస్య ఎక్కణ్ణించి తీశానో ఇట్టే పట్టేశారు. యోహాను సువార్త రెండో అధ్యాయంలో, కానా ఊరి పెళ్ళిలో యేసు నీళ్ళని ద్రాక్షారసంగా మారుస్తాడు. ఆ రసం ఎక్కడిదో విందు ప్రధానికి తెలియదు, నీళ్ళు ముంచిన పరిచారకులకే తెలుసు. ధార బాగుంది, ‘రాతిబాన నీరు రసము గాఁగ’ నోటికి హాయిగా ఉంది. కానీ భవంతి ఏదండీ? ప్రేమ ఏది? మీరు కానాలోనే ఆగిపోయారు. షరతు ప్రకారం ఇది పోటీకి రాదు.

గుంటూరు మాస్టారు:
ఒప్పుకుంటాను. పీఠికగా ఉంచండి.

డాలస్ పిన్ని:
మేడమెట్లమీద మెల్లగ నెదురయి
చూపు కలుపకున్నఁ జుట్టమయ్యె
వంటపిల్ల మనసు వా రెవ్వ రెఱుఁగరు
నీళ్ళు మోసినతఁడె నిజ మెఱింగె

నిర్వాహకుడు:
రెండో పాదం అద్భుతం, పిన్నిగారూ. చూపులు కలవకుండానే చుట్టమవడం ఆ ఇళ్ళకి సరిగ్గా సరిపోయింది. ఇబ్బంది ఎక్కడంటే, వంటపిల్లకి మేడమెట్ల మీద పని ఉండదు. ఆమె రోజంతా కింద, వంటింట్లో. పైగదులు హౌస్‌మెయిడ్లవి, అంటే గదులు సర్దే పనిపిల్లలవి. వాళ్ళకి కూడా దొరలు తిరిగే మెట్లు కావు, గోడ వెనకాల ఇరుకు మెట్లు వేరే ఉంటాయి.

డాలస్ పిన్ని:
అయితే ఇలా సవరిస్తున్నాను. మొదటి పాదం: ‘వెనుకమెట్లమీద వేన్నీళ్ళ బరువుతో’. మూడో పాదం: ‘గదుల పిల్ల మనసు కనిపెట్ట రెవ్వరు’.

నిర్వాహకుడు:
సవరణ మూలం కన్నా మేలు! ‘వేన్నీళ్ళ బరువుతో’ అనేసరికి యతి కుదిరింది, ఇద్దరి చేతులూ ఖాళీగా లేవని కూడా తెలిసింది. చేతులు ఖాళీ లేని ప్రేమ ఇది. నిజానికి గదులకి నీళ్ళు ఎక్కువగా మోసింది హౌస్‌మెయిడ్లే. ‘మోసినతఁడె’ అని మగవాణ్ణి పెట్టాను కాబట్టి బొగ్గులూ నీళ్ళూ మోసే చిల్లరపనుల మనిషి అనుకోండి. పెద్ద ఇళ్ళలో అలాంటివాడు ఒకడుండేవాడు.

డాలస్ పిన్ని:
‘మోసిన తడె’ అని విరిచి, తడి గుర్తుపట్టింది అనొచ్చా?

నిర్వాహకుడు:
తడి తర్వాత ఏ వస్తే ‘తడియె’ అవుతుంది. పైగా అరసున్న అడ్డం. ఐడియా మాత్రం భలే ఉంది.

కొత్త కలం:
మొదటిసారి రాస్తున్నాను, తప్పులుంటే చెప్పండి.
ఉదయప్రార్థనమున మోకాళ్ళు వంచఁగా
వరుసలోనె చేయి వణకె నేలొ
పక్కఁ జేరినట్టి పనిపిల్ల యూపిరి
నీళ్ళు మోసినతఁడె నిజ మెఱింగె

గుంటూరు మాస్టారు:
బాబూ, ‘ఉదయప్రార్థనము’ సమాసం. ‘ప్రా’ ముందున్న ‘య’ గురువై మొదటి గణం చెడింది. ఉ, మో యతి కూడా కుదరలేదు. ‘మొదటి ప్రార్థనమున’ అంటే రెండూ సర్దుకుంటాయి. మిగతా పాదాలు శుభ్రంగా ఉన్నాయి.

నిర్వాహకుడు:
మాస్టారి సవరణతో తీసుకుంటున్నాను. పొద్దున్నే ఇంటిల్లిపాదీ ప్రార్థనకి చేరేవారు. కొలువువాళ్ళు హోదా వరుసలో వచ్చేవారు. ముందు బట్లరు, హౌస్‌కీపరు, ఆఖరున చిల్లరపనుల మనుషులు. అంటే వీళ్ళిద్దరినీ తక్కువవాళ్ళని చేసిన వరుసే వీళ్ళని దగ్గర చేసింది. కొత్త కలం ఇది ఆలోచించి రాశారో లేదో గానీ పద్యంలో ఉంది. పైగా దేవుడి ముందు వణికిన చేయి! భయమా, భక్తా, వలపా అన్నది తేల్చకుండా వదిలేశారు, మంచి పని చేశారు.

భీమిలి బాబాయ్:
మూఁడు వారములుగ ముందు పీటను దొర
కునుకు దీయుచుండ గురువు చదివె
పెండ్లిపేర్లు పల్లె పెదవుల నవ్వయ్యె
నీళ్ళు మోసినతఁడె నిజ మెఱింగె

నిర్వాహకుడు:
మూడు ఆదివారాలు చర్చిలో పెళ్ళి ప్రకటన చదవడం, ముందు బెంచీలో దొర కునుకు, రెండూ కళ్ళకి కట్టాయి. నవ్వొచ్చింది కూడా. కానీ బాబాయ్, అభ్యంతరం ఉన్నవాళ్ళు చెప్పండి అని ఊరందరి ముందూ చదివాక ‘అతఁడె’ ఎలా కుదురుతుంది? పల్లె పెదవులే నవ్వాయన్నారు, ఇక రహస్యమేది?

భీమిలి బాబాయ్:
నిజమే, సమస్యపాదం అతుకులా ఉంది. పెళ్ళి టైం మీద ఇంకొకటి ప్రయత్నిస్తాను. 1886 దాకా మామూలు పెళ్ళి ఉదయం ఎనిమిదికీ పన్నెండుకీ మధ్యే జరగాలట కదా? ఆ ఏడు చట్టం మార్చి మధ్యాహ్నం మూడు దాకా పొడిగించారు. పొద్దున పన్లన్నీ నెత్తిమీదుండే పనిపిల్లకి ఆ మూడు గంటలే పెద్ద వరం.

నిర్వాహకుడు:
తప్పకుండా రాయండి, దీని మీద పద్యం నేనెక్కడా చూడలేదు.

విశాఖ వదిన:
వేల్స్‌లో రెక్సమ్ దగ్గర ఎర్దిగ్ అనే భవంతి ఉంది. ఆ ఇంటి యజమాని ఫిలిప్ యార్క్ 1790లలో తన కొలువువాళ్ళ బొమ్మలు వేయించి, ఒక్కొక్కరి మీద తనే పద్యాలు కట్టి పెట్టాడు. బూజులు దులిపే ముసలమ్మ జేన్ ఎబ్రెల్ బొమ్మ కూడా వాటిలో ఉంది, 1793లో వేసినది. అప్పటికి ఆమెకి 87 ఏళ్ళు. తర్వాతి తరాలు ఫోటోలతో అదే పద్ధతి కొనసాగించాయి. 1973లో ఆ ఇల్లు పాత కట్టడాల్ని కాపాడే నేషనల్ ట్రస్ట్ అనే సంస్థ చేతికి వచ్చింది. ఆ ఇంటిని తలుచుకుని ఒక ఊహ, పాత్రలు మాత్రం కల్పితాలు:

పటము పెట్టి దొరయుఁ బద్యమ్ము లల్లినన్
వయసు జీత మెఱిఁగి వలపుఁ గనఁడు
సాలెగూడు దులుపు చాన నవ్వెందుకో
నీళ్ళు మోసినతఁడె నిజ మెఱింగె

గుంటూరు మాస్టారు:
అమ్మా, నా ఓటు దీనికే. సా, చా యతి చెల్లుతుంది, ఎవరూ తగాదా పడక్కర్లేదు.

కొత్త కలం:
ఇందులో క్రైస్తవం ఎక్కడుంది?

నిర్వాహకుడు:
నాలుగో పాదంలోనే ఉంది. విందు ప్రధాని స్థానంలో దొర కూర్చున్నాడు, పరిచారకుడి స్థానంలో నీళ్ళ మనిషి. దేవుడి పేరెత్తకుండా సువార్త వచ్చేసింది. దొర చెడ్డవాడు కాకపోవడం నాకు ఇంకా నచ్చింది. పద్యాలు కట్టేంత అభిమానం ఉంది, అయినా కనబడలేదు. మొదటి స్థానం వదినగారిది, రెండోది పిన్నిగారిది.

వచ్చే వారం పాదం, ఇదీ ఆటవెలదే:

ఏడు దినము లయ్యె నేడు సమలు

సమలంటే సంవత్సరాలు. బైబిల్లో యాకోబు రాహేలు కోసం ఏడేళ్ళు కొలువు చేశాడని అందరికీ గుర్తొస్తుంది, అందుకే ఆ ఇద్దరి పేర్లూ పద్యంలో రాకూడదు. కొలువువాళ్ళ కథే కావాలి.