జన్యువు ‘నిశ్శబ్దం’ కావడమా, మడవ కట్టడమా?

డిగ్రీ విద్యార్థుల కోసం మానవ మూలకణాల (స్టెమ్ సెల్స్) మీద తెలుగులో పాఠం రాస్తున్నాను. ‘మూలకణం’తో పేచీ లేదు. డీఎన్‌ఏ అక్షరాలు మారకుండానే జన్యువుల పని మారే తీరును చెప్పే ఎపిజెనెటిక్స్‌ను అలాగే ఉంచాను. జన్యువును పనిచేయకుండా ఆపడాన్ని ‘జన్యు నిశ్శబ్దీకరణ’ అని రాస్తే మాత్రం నాకే మింగుడుపడలేదు. జన్యువు ఎప్పుడు మాట్లాడింది గనుక!

మాది అమలాపురం దగ్గర పల్లె. దాళ్వా రోజుల్లో మా నాన్న బోదె గట్టు మీద పారతో మట్టిపెళ్ల తీసి, గడ్డితో కలిపి, బోదె నుంచి చేనుకు నీరు పారే సందులో, అంటే మడవలో నొక్కేవారు. నీరు ఆగేది. పెళ్ల తీస్తే మళ్లీ పారేది. బోదె అదే, చేనూ అదే. కణంలోనూ అంతే. డీఎన్‌ఏలో సైటోసిన్ అనే అక్షరాల మీద మిథైల్ గుంపులు చేరి జన్యువును కట్టేస్తాయి, అక్షరాల వరుస మాత్రం చెక్కుచెదరదు. ఒకే డీఎన్‌ఏ ఉన్నా నాడీకణం వేరు, కాలేయకణం వేరు కావడానికి ఏ మడవ తీసి ఉంది, ఏది కట్టి ఉంది అన్నదే కారణం. 1942లో ఎపిజెనెటిక్స్ అనే మాట తెచ్చిన బ్రిటిష్ జీవశాస్త్రవేత్త వాడింగ్టన్, పిండం ఎదుగుదల గురించి అదే ఏడాది ‘కెనలైజేషన్’ అనే మాటా వాడాడు. ఆయనకే కాలువ తోచింది. గోదావరి కాలువల మధ్య పెరిగిన మనకు తోచవద్దా?

‘మడవ కట్టడం, తీయడం’ అని రాద్దామనుకుంటున్నాను. జన్యుస్థిరత్వం (క్రోమోజోమ్‌లు మార్పు లేకుండా ఉండటం) దెబ్బతింటే ‘గండి పడటం’ అనవచ్చా?

దీనికి జవాబుగా రాజోలు నుంచి ఒక సభ్యురాలు: మాస్టారూ, మడవ చాలా బాగుంది. గండి మాత్రం వద్దండి. గండి అంటే తెగడం. ప్రయోగశాలలో చాలాకాలం పెంచిన మానవ మూలకణాల్లో తరచూ కనిపించేది 20వ క్రోమోజోమ్ పొడవు భుజంలో ఒక ముక్క అదనంగా చేరడం. కణం చావును అడ్డుకునే జన్యువు అందులో ఉంది కాబట్టి ఆ కణాలే పళ్లెమంతా ఆక్రమిస్తాయి. ఇది వరిలో మొలిచే ఊద కలుపు లాంటిది. మొదట్లో పోల్చుకోలేం.

ఇంకొకటి. స్త్రీ కణాల్లో ఉండే రెండు ఎక్స్ క్రోమోజోమ్‌లలో ఒకదాన్ని ఎగ్జిస్ట్ అనే ఆర్‌ఎన్‌ఏ మూసి ఉంచుతుంది. పెంచుతూ పోతే కొన్ని మూలకణాల్లో ఎగ్జిస్ట్ పోయి, మూసిన జన్యువుల్లో కొన్ని తెరుచుకుంటాయి. దానికి ఇంగ్లీషులో ఎరోజన్ అని పేరు. లంక భూములు ఏటిపాలు కావడం చూసిన మాకు ఆ మాట వెతుక్కోనక్కరలేదు. కోత.

మాస్టారు: ఊద, కోత రెండూ తీసుకున్నానమ్మా. వరికోత అనుకోకుండా ‘గట్టుకోత’ అంటాను. గండిని క్రోమోజోమ్ నిజంగా తెగిన చోటికే ఉంచుతాను. ఈ వాక్యం చూడండి: ‘ఎక్స్ క్రోమోజోమ్ గట్టుకోతకు గురైతే, ఆ మూలకణం తరువాత వేరే కణంగా మారినా జారిన మడవ తిరిగి పడదు.’ సరిపోయిందా?