మస్కట్ నుంచి వాడి బనీ ఖాలిద్‌కి ఒక్క రోజులో పోయి రావచ్చా?

అన్నలూ అక్కలూ, మాది తిరుపతి, మా అక్కావాళ్ళు మస్కట్‌లో ఉండారు, డిసెంబర్లో చెన్నైలో ఫ్లైట్ ఎక్కి అమ్మని, ఇద్దరు పిల్లల్ని తీసుకొని పోతా ఉండాం. ఒమన్‌లో వాడి బనీ ఖాలిద్ అనే వాగు లోయలో కొండల సందున ఖర్జూరం చెట్లు, ఏడాదంతా నీళ్ళుండే పచ్చటి మడుగులు ఉంటాయని విన్నప్పట్నుంచి పిల్లలు అక్కడ ఈత కొట్టాల్సిందేనని ఒకటే గొడవ. 200 కిలోమీటర్ల పైనే కదా, పొద్దున 6కి బయల్దేరితే వహీబా ఇసుక దిబ్బలు కూడా చూసేసి రాత్రికి వచ్చేయొచ్చంటాడు మా బావ, ఆయన లెక్కలు నాకు తెల్సు, తలకోనకి పోయినప్పుడు కూడా ఇట్లే చెప్పి రాత్రి 11కి ఇల్లు చేర్చినాడు.

కారు ఆపే చోట నుంచి మడుగుల దాకా ఎంత నడవాల? అమ్మకి మోకాళ్ళ నొప్పులు. భుజాలు, మోకాళ్ళు కప్పేలా బట్టలుండాలంట, మరి ఆడోళ్ళు చుడీదార్‌తోనే దిగుతారా, కాటన్‌దైతే తడిసి బరువెక్కిపోతుంది కదా. ఈత రాని పిల్లలకి లోతు తక్కువ చోటు ఉందా? శుక్ర, శనివారాలు అక్కడ సెలవు కాబట్టి జనం ఎక్కువుంటారని ఆదివారం అనుకుంటా ఉండాం. వానొస్తే వాగు ఒక్కసారిగా పొంగుతుందంట, డిసెంబర్లో ఆ భయం ఉంటుందా? పులిహోర కట్టుకొని పోతాం, కూర్చొని తినడానికి నీడ ఉంటే చాలు. పోయొచ్చినోళ్ళు ఎవరైనా ఉంటే కొంచెం చెప్పండి.