అప్‌డేట్: 150 కాదు, 210 తీసుకున్నాను

4×5 అంగుళాల షీట్ ఫిల్మ్ వాడే నా పెద్ద కెమెరాకి మొదటి లెన్స్‌గా 90, 150, 210 మి.మీ. ఫోకల్ లెంగ్త్‌లలో ఏది మంచిదని అడిగాను కదా. ఎక్కువమంది 150 అన్నారు. ఫిల్మ్ కర్ణం దాదాపు అంతే కాబట్టి అదే నార్మల్, అంటే దృశ్యం కంటికి సహజంగా అనిపించే లెన్స్. కానీ నేను తీసేది ఎక్కువగా మనుషుల్ని, అందుకే కాస్త దూరం నుంచే ముఖం పెద్దగా పట్టే 210 తీసుకున్నాను.

బెలోస్ (లెన్స్‌కీ ఫిల్మ్‌కీ మధ్య ఉండే మడతల తిత్తి) ఎంత సాగుతుందో ముందు చూసుకోమన్న సలహా మాత్రం బంగారం. నా కెమెరాది 300 మి.మీ. దగ్గర ఆగిపోతుంది. వస్తువును ఫిల్మ్ మీద అసలు సైజులో పట్టాలంటే ఫోకల్ లెంగ్త్‌కి రెట్టింపు కావాలి: 150కి సరిగ్గా 300 సరిపోతుంది, 210కి 420 అంటే కుదరదు. ముఖం, భుజాల వరకైతే 250 చాలు, ఇబ్బంది లేదు. బెలోస్ సాగేకొద్దీ ఫిల్మ్ మీద పడే వెలుతురు తగ్గుతుంది కాబట్టి అక్కడ ఎక్స్‌పోజర్ అర స్టాప్ పెంచుతున్నాను (ఒక స్టాప్ అంటే రెండింతల వెలుతురు). 300 దాకా సాగదీస్తే పూర్తి స్టాప్ పెంచాలి. నెగటివ్‌లు పల్చబడకుండా బాగా వస్తున్నాయి.

ఇమేజ్ సర్కిల్ (లెన్స్ ఫిల్మ్ వైపు వేసే గుండ్రటి బొమ్మ) కూడా విశాలంగా ఉంది. ఫ్రంట్ రైజ్ ఇచ్చినా, అంటే లెన్స్‌ని పైకి జరిపినా, మూలలు నల్లబడలేదు.

ఇరుకు గదుల్లో తీయాలంటే ఎక్కువ వెడల్పు పట్టే 90 కావాల్సిందే, ఒప్పుకుంటాను. అయితే ఎఫ్8 లెన్స్‌తో (ఎఫ్ అంకె పెద్దదైతే లోపలికి వచ్చే వెలుతురు తక్కువ) గ్రౌండ్ గ్లాస్, అంటే ఫోకస్ చూసుకునే గరుకు అద్దం, మూలలు మసకచీకటిగా కనిపిస్తాయి, ఫోకస్ చేయడం కాస్త టెన్షనే. కొంటే ఎఫ్5.6దే చూస్తాను, బరువైనా సరే.